అప్‌డేట్ తరవాత అమ్మకి ఫోన్ ఎత్తడం రావట్లేదు, పాత స్క్రీన్ తెచ్చుకునే దారి ఉందా?

నాగావళి గట్టు | రాయగడ | 24 ఆగస్టు 2025, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మొన్న శుక్రవారం పొద్దున్న లేచేసరికి మా అమ్మ ఫోన్లో కాల్ వచ్చే స్క్రీన్ మారిపోయి ఉంది. ఇదివరకు గుండ్రటి బొమ్మని పైకి తోస్తే కాల్ ఎత్తేది, కిందికి తోస్తే కట్టయ్యేది. ఇప్పుడు అడ్డంగా జరపాలట. అమ్మ అలవాటుకొద్దీ పైకే తోస్తుంది, ఏమీ అవదు, రింగు ఆగిపోతుంది. పార్వతీపురం నుంచి మా అక్క చేసి చేసి, చివరికి నాకు చేసి "అమ్మకేటైనా అయిందేట్రా" అని ఒకటే ఏడుపు.

అమ్మ తెలుగూ ఒడియా రెండూ గడగడా మాట్లాడుతుంది గానీ ఏదీ చదవలేదు. ఫోన్ మీద రాసున్నది చూసి నడపదు. ఏది ఎక్కడుందో వేలికి తెలుసు, అంతే. పైగా కాల్ లిస్టు కూడా మార్చేశారు. ఒకే నంబర్ నుంచి వచ్చినవన్నీ ఇదివరకు ఒక్క వరసలో ఉండేవి. ఇప్పుడు ప్రతి కాలూ విడిగా పడుతోంది. అక్క ఫొటో కనబడాలంటే గ్యాస్ వాళ్లూ లోన్ వాళ్లూ అందర్నీ దాటుకుని కిందికి పోవాలి.

ప్లే స్టోర్లో నేను ఏ అప్‌డేటూ నొక్కలేదు, ఒట్టు. మరి ఎలా మారిపోయింది? వెనక్కి తెచ్చుకోవచ్చా?

గుణుపూర్ పాసింజర్ | గుణుపూర్ | 24 ఆగస్టు, రాత్రి 9:05

మా ఇంట్లోనూ అదే భాగోతం బాబూ. నేను ఫోన్ పాడైపోయిందనుకుని బజార్లో మొబైల్ షాపుకి ఎల్లాను. అప్పటికే నాలాంటోళ్లు వరస కట్టి ఉన్నారు. షాపు కుర్రాడు యాభై రూపాయలు తీసుకుని, ఫోన్ అటు తిప్పుకుని ఏదో నొక్కి ఇచ్చేశాడు. ఏటి నొక్కావురా అంటే చెప్పడు. వాడికి దసరా ముందే వచ్చింది.

కోరాపుట్ కాఫీ | సొంతూరు జయపురం, హైదరాబాద్‌లో యాప్‌లు చేసే ఉద్యోగం | 24 ఆగస్టు, రాత్రి 10:20

ఆ యాభై రూపాయల రహస్యం నేను ఊరికే చెప్తాను.

ముందు అక్కగారి కంగారు తీర్చండి. ఫోన్ యాప్ తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళ్తే 'ఇన్‌కమింగ్ కాల్ జెశ్చర్' అని కొత్తగా ఒకటి ఉంటుంది. అందులో ఉన్నవి రెండే: అడ్డంగా జరపడం, ఒక్కసారి నొక్కడం. అమ్మగారికి నొక్కడం పెట్టండి. ఎత్తడానికో బొత్తాం, కట్ చేయడానికో బొత్తాం విడివిడిగా వస్తాయి. పైకి తోసే పద్ధతి మాత్రం అందులో లేదు.

అచ్చంగా పాతదే కావాలంటే ఫోన్ యాప్ బొమ్మ మీద వేలు అదిమి పట్టుకోండి, 'యాప్ ఇన్ఫో' వస్తుంది. పైన మూడు చుక్కలు నొక్కితే 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' ఉంటుంది. అది నొక్కితే ఫోన్ కొన్ననాటి వెర్షన్‌కి వెళ్లిపోతుంది. కాంటాక్టులు ఎక్కడికీ పోవు. ఆ తరవాత ప్లే స్టోర్లో అదే యాప్ పేజీకి వెళ్లి, అక్కడి మూడు చుక్కల్లో 'ఎనేబుల్ ఆటో అప్‌డేట్' దగ్గర టిక్ తీసేయాలి. తీయకపోతే రాత్రి వైఫై దొరగ్గానే మళ్లీ దిగుతుంది.

మీరేమీ నొక్కకుండా ఎలా మారిందంటే, కొత్త స్క్రీన్ ఎప్పుడో వచ్చిన అప్‌డేట్‌తోనే లోపలికి చేరి కూర్చుంటుంది. కంపెనీ తన సర్వర్ నుంచి మీట వేసేదాకా మీకు పాతదే కనిపిస్తుంది. అందుకే ఒకే మోడల్, ఒకే వెర్షన్ ఉన్న రెండు ఫోన్లలో ఒకటి మారి రెండోది మారకుండా ఉంటుంది.

ప్రాణహిత | సిరొంచ, గడ్చిరోలి జిల్లా | 25 ఆగస్టు, పొద్దున 7:15

మాది సిరొంచ. గోదావరి దాటితే కాళేశ్వరం. దుకాణానికి అటోళ్లు ఇటోళ్లు అందరు వస్తరు. నా లొల్లి ఫోన్ ఎత్తుడు కాదు, పైసల యాప్.

స్కాన్ చేసే బటన్ ఎప్పుడు కింద నడిమిట్ల ఉండేది. కండ్లు మూస్కొని ఒత్తేది. అప్‌డేట్ అయినంక గా జాగల లోన్ తీస్కోమని వచ్చింది. ఉల్లిగడ్డల బండాయనకు పైసలు ఇద్దామని ఒత్తితే నా జీతమెంత, పాన్ నంబరెంత అని అడుగుతది. ఎనుక గిరాకీ నిలబడి నవ్వుతున్నడు.

ఇంకోటి. లొకేషన్ చూస్తదో ఏమో, అప్‌డేట్ అయినప్పుడల్లా మరాఠీలకు మారుతది. నాకు మరాఠీ వస్తది, బడిల సదివిన. మా నాయనకు అక్షరం రాదు. నేను తెలుగు పెడత, మల్ల అప్‌డేట్ కాంగనే మరాఠీ. దీనికేమన్న ఉపాయం ఉందా తమ్మీ?

మోటు మాస్టారు | మోటు, మల్కన్‌గిరి జిల్లా | 25 ఆగస్టు, పొద్దున 8:50

ప్రాణహిత గారూ, మీకు రెండు రాష్ట్రాలే. మాకు శబరి, సీలేరు కలిసేచోట ఒడిశా, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ మూడూ తగులుతాయి. ఏ టవరు దొరికితే ఆ రాష్ట్రం. యాప్ ఒకరోజు ఒడియాలో పలకరిస్తుంది, ఒకరోజు హిందీలో. నేను బడిలో ఒడియా చెప్పేవాణ్ణే కాబట్టి ఫరవాలేదు. మా ఇంటావిడ మాత్రం వాడడమే మానేసింది.

నా గోల వేరే ఉంది. ఫోన్ బిగుసుకుపోతే పవర్ బొత్తాం నొక్కిపట్టి ఆపేసేవాళ్లం కదా. ఇప్పుడు నొక్కిపడితే ఒక గొంతు "మీకెలా సాయపడగలను" అన్నట్టు లేచి కూర్చుంటుంది. అమ్మా, నువ్వు ఆగిపోవడమే సాయం.

కోరాపుట్ కాఫీ | 25 ఆగస్టు, మధ్యాహ్నం 1:10

ప్రాణహిత అన్నా, ఫోన్ ఆండ్రాయిడ్ 13 లేదా ఆ తరవాతిదైతే ఒక్కో యాప్‌కి ఒక్కో భాష పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్, సిస్టమ్, లాంగ్వేజెస్, అందులో 'యాప్ లాంగ్వేజెస్'. మీ పైసల యాప్ ఆ జాబితాలో కనిపిస్తే తెలుగు ఎంచండి. యాప్ లోపల పెట్టినదానికన్నా ఇది గట్టిగా నిలుస్తుంది. జాబితాలో లేకపోతే మాత్రం యాప్ దయ.

మాస్టారూ, పవర్ బొత్తాంతో పాటు వాల్యూమ్ పెంచే బొత్తాం కలిపి నొక్కండి, ఆఫ్ చేసే మెనూ వస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో ఇలా మార్చారు. సెట్టింగ్స్‌లో జెశ్చర్స్ కింద పవర్ బొత్తాం ఏం చేయాలో మార్చుకునే వీలు కూడా ఉంది. కొన్ని కంపెనీల ఫోన్లలో అది వేరే చోట ఉంటుంది, సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో 'పవర్' అని కొట్టి చూడండి.

డీటీపీ బాబాయ్ | పర్లాకిమిడి | 25 ఆగస్టు, రాత్రి 11:40

చవితి చందా రసీదులు ఇప్పటికి తెమిలాయి. ఇప్పుడు తీరిగ్గా నా ఏడుపు వినండి.

నా కొట్లో రెండు కంప్యూటర్లు. ఒకటి ముసలిది, విండోస్ ఎక్స్‌పీ. దాని మీద పేజీలు పేర్చుకునే పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకి అను, ఒడియాకి ఆకృతి. మా ఊళ్లో పెళ్లి కార్డు అంటే ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. పెళ్లికూతురు వాళ్లది పాతపట్నం, పెళ్లికొడుకు వాళ్లది ఇక్కడ అన్నమాట. రెండో కంప్యూటరు కొత్తది. వాట్సాప్‌కీ, నెట్‌కీ, కలర్ ప్రింటరుకీ. దానికి అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి. ముసలిదానికి నెట్టే లేదు.

ఎవరేమన్నా సరే, నాకు అన్నం పెడుతున్నది ముసలిది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తరవాత ఇంకో వెర్షన్ రాలేదు. అంటే ఇరవై ఏళ్లకి పైగా దాంట్లో ఏ బొత్తామూ కదల్లేదు. కరెంటు పోయి చీకట్లో ఇన్వర్టర్ మీద కూర్చున్నా నా చెయ్యి ఆగదు.

కొత్తదాని సంగతి చూడండి. 29న తెలుగు భాషా దినోత్సవం కదా. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆయన పేరున ఫ్లెక్సీ లేకపోతే ఎలా? కుర్రాళ్లు మ్యాటరు వాట్సాప్‌లో పంపారు. అది యూనికోడ్, అంటే ఫోన్లన్నీ వాడే ఇప్పటి పద్ధతి. నా అను ఫాంట్లకి యూనికోడ్ తెలీదు, అవి ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు పెట్టుకున్న పాత రకం. అందుకని నెట్‌లో కన్వర్టర్ పెట్టి మార్చుకుంటాను. నిన్నటిదాకా బాగానే ఉండేది. పైన పెట్టె, కింద పెట్టె, మధ్యన ఒక బొత్తాం. ఇవాళ చూస్తే ఆ పేజీ రూపం మారింది. లాగిన్ అవమంటుంది, మెయిల్‌కి ఓటీపీ పంపుతానంటుంది. సరే అని అన్నీ చేసి మారిస్తే 'రామమూర్తి'లో త ఒత్తు ఊడి పక్క అక్షరం కింద పడింది. 'వ్యావహారిక'లో య ఒత్తు ఏకంగా మాయం. వ్యావహారిక భాష కోసం జీవితం ధారపోసిన మనిషి ఫ్లెక్సీ మీద ఆ మాటే విరిగితే నన్ను ఊళ్లో ఉండనిస్తారా? కూర్చుని మొత్తం మళ్లీ టైపు చేశాను.

అంతటితో అయిందా? ప్రింటు కొడితే కలర్ ప్రింటరు పలకదు. కాగితం పక్క గదిలో రసీదుల ప్రింటరు లోంచి వస్తోంది. అప్‌డేట్ అయ్యాక కంప్యూటరే తనిష్టం వచ్చిన ప్రింటర్ని ఎంచుకుంటోంది. నా కొట్లో ఏ పని ఏ ప్రింటరుకి పోవాలో నేను చెప్పాలా అది చెప్పాలా?

గుణుపూర్ పాసింజర్ | 26 ఆగస్టు, పొద్దున 6:30

బాబాయ్, ఆ కొత్త కంప్యూటరుకి కూడా నెట్ పీకెయ్. అప్‌డేట్ల పీడా వదుల్తుంది.

ఇదిగో, పాత ఫోన్ యాప్ కావలసినవాళ్లకి నాకెవరో పంపిన ఏపీకే (యాప్ ఫైలు) లింకు: [నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు | 26 ఆగస్టు, పొద్దున 7:00

పాసింజర్ గారూ, లింకు తీసేశాను. ప్లే స్టోర్ బయట దొరికే ఏపీకే ఫైళ్లు ఇక్కడ ఎవరూ పెట్టకండి. పెళ్లి శుభలేఖ అని ఏపీకే పంపి బ్యాంకు ఖాతాలు ఊడ్చేసే మోసం నడుస్తున్న రోజులివి. పాత వెర్షన్ కావాలంటే కాఫీ గారు పైన చెప్పిన దారి చాలు.

డీటీపీ బాబాయ్ | 26 ఆగస్టు, పొద్దున 9:20

శుభలేఖ మోసం పుణ్యమా అని నేను పంపే అసలు కార్డులు కూడా ఎవరూ తెరవట్లేదు. "బాబాయ్, ఇది నువ్వే పంపావా" అని ఫోన్ చేసి అడుగుతున్నారు. ఆ ఫోన్ ఎత్తడానికి మళ్లీ అడ్డంగా జరపాలి.

కోరాపుట్ కాఫీ | 26 ఆగస్టు, మధ్యాహ్నం 1:30

బాబాయ్, ప్రింటరు సంగతి: సెట్టింగ్స్‌లో ప్రింటర్లు, స్కానర్లు ఉండే చోటికి వెళ్లండి. డిఫాల్ట్ ప్రింటర్ని కంప్యూటరే చూసుకోవాలా అని ఒక మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మీరు చివరగా ఏది వాడితే అదే డిఫాల్ట్ అయిపోతుంది. చందా రసీదులు కొట్టారు కాబట్టి రసీదుల ప్రింటరు పట్టుకుంది. ఆఫ్ చేసి మీకు కావలసినది ఎంచుకోండి.

కానీ నెట్ ఉన్న కంప్యూటరుకి అప్‌డేట్లు ఆపెయ్యమని మాత్రం ఇక్కడ ఎవరికీ సలహా ఇవ్వకండి. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై వైరస్ వచ్చింది గుర్తుందా? అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లే ఎక్కువగా దొరికిపోయాయి. మన పక్కనే ఆంధ్రాలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని తాళం పడ్డాయి, శ్రీకాకుళం జిల్లాతో సహా. తెర మీద ఎర్ర పెట్టె, 300 డాలర్లు బిట్‌కాయిన్లో కట్టమని. మీ పెళ్లి కార్డుల ఫైళ్లన్నీ అలా పోతే ఏం చేస్తారు?

మీ ఎక్స్‌పీకి నెట్ లేకపోయినా పెన్‌డ్రైవ్ పెడుతున్నారు కదా, వైరస్ దాంతోనే వస్తుంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయేది మీరు చూసే ఉంటారు.

గుణుపూర్ పాసింజర్ | 26 ఆగస్టు, మధ్యాహ్నం 2:15

నాయనా కాఫీ, 2024 జులై 19 సంగతి కూడా చెప్పు మరి. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ వదిలిన ఒక్క అప్‌డేట్‌తో ప్రపంచమంతా 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అదీ భద్రత కోసం వచ్చిన అప్‌డేటే కదా?

కోరాపుట్ కాఫీ | 26 ఆగస్టు, సాయంత్రం 6:45

అవును, అది భద్రతా సంస్థే. సరిగ్గా పరీక్షించకుండా ఒకేసారి అందరి మీదకీ వదిలారు. దాన్ని నేను సమర్థించను.

నేననేది ఒక్కటే. భద్రత కోసం వచ్చేది వేరు, రూపం మార్చేది వేరు. మీరంతా తిడుతున్నది రెండోదాన్ని, మానేస్తానంటున్నది మొదటిదాన్ని. కంపెనీలు రెంటినీ ఒకే మూటలో కట్టి ఇస్తున్నాయి, ఇది కావాలంటే అదీ తీసుకోవాలంటున్నాయి. తగువు పడాల్సింది అక్కడ.

నాగావళి గట్టు | 26 ఆగస్టు, రాత్రి 9:30

కాఫీ గారూ, అమ్మ ఫోన్‌కి అప్‌డేట్ తీసేశాను, పాతది వచ్చింది. చాలా థాంక్సండీ.

ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. నాది కిరాణా కొట్టు. ఉప్పు ఎక్కడుంటుందో, అగ్గిపెట్టెలు ఎక్కడుంటాయో పాతికేళ్లుగా మార్చలేదు. మా నాన్న పెట్టిన చోటే. పండగ రద్దీలో చూడకుండా చెయ్యి పెడితే వస్తువు తగలాలి. మీ కంపెనీల వాళ్లకి ఈ మాత్రం తెలీదా?

బరంపురం పట్టు | బరంపురం | 26 ఆగస్టు, రాత్రి 10:10

తమ్ముడూ, నీ కొట్టుకి తెలుసు. సూపర్ మార్కెట్‌కి వెళ్లి చూడు. పాలు ఎప్పుడూ వెనక మూల, అక్కడికి వెళ్లేలోగా నీ చేత ఇంకో నాలుగు కొనిపించాలని. ప్రాణహిత గారికి స్కాన్ చోట లోన్ వచ్చిందంటే అదే లెక్క.

నేను బడిలో కంప్యూటర్ చెప్తాను. ఇది ఈరోజు వచ్చిన జబ్బు కాదు. ఆఫీస్ 2007లో మెనూలు తీసేసి రిబ్బన్ అని బొత్తాల పట్టీ పెట్టారు, మా పుస్తకంలో మాత్రం చాలా ఏళ్లు ఫైల్, ఎడిట్, వ్యూ బొమ్మలే ఉన్నాయి. పిల్లలు పుస్తకంలో ఒకటి, తెర మీద ఒకటి చూసి నన్ను అనుమానంగా చూసేవారు. 2012లో విండోస్ 8 వచ్చింది, స్టార్ట్ బటనే లేదు! కంప్యూటర్ ఆఫ్ చెయ్యడం ఎలాగో పిల్లలకి పాఠంగా చెప్పాల్సి వచ్చింది. జనం గోల పెడితే మరుసటేడు 8.1లో ఆ బటన్ తిరిగొచ్చింది. విండోస్ 11లో టాస్క్‌బార్ మీద కిటికీలు పేర్లతో విడివిడిగా కనపడే వీలు 2021లో తీసేశారు, 2023లో మళ్లీ ఇచ్చారు. అంటే గోల పెడితే వింటారు. కాకపోతే గోల ఇంగ్లీషులో పెట్టాలి, అది వేరే సంగతి.

అన్నట్టు, విండోస్ 11లో కుడి బటన్ నొక్కితే పొట్టి మెనూ వచ్చి విసిగిస్తుంటే షిఫ్ట్ పట్టుకుని నొక్కండి, పాత పొడుగు మెనూ నేరుగా వస్తుంది.

మోటు మాస్టారు | 27 ఆగస్టు, ఉదయం 11:00

అందరికీ వినాయక చవితి శుభాకాంక్షలు. పూజ అయింది, ఉండ్రాళ్లు తింటూ రాస్తున్నాను.

పట్టు గారి ఇంగ్లీషు మాట నిజం. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఐఫోన్లని పడుకోబెట్టిన సంగతి తెలుసుగా? ఒక రకంగా టైపైన ఆ అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ కూలిపోయేది. ప్రపంచమంతా గగ్గోలు. రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 అని అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. తెలుగు మీద ప్రేమతో కాదు, అమెరికాలో ఫోన్లు కూలుతున్నాయని.

నాగావళి గారి అమ్మగారు కాల్ ఎత్తలేకపోతే ఫోన్ కూలదు. శుభ్రంగా రింగవుతుంది, శుభ్రంగా ఆగుతుంది. యంత్రం లెక్కలో ఏ తప్పూ లేదు. ఇక ఎవరికి కనపడుతుంది?

కోరాపుట్ కాఫీ | 27 ఆగస్టు, మధ్యాహ్నం 3:20

పూర్తిగా కనపడదని కాదు మాస్టారూ. లోపల ఎలా జరుగుతుందో చెప్తాను. నేను చేసేది వేరే యాప్ గానీ పద్ధతి ఒకటే. కొత్త స్క్రీన్ని ముందు కొద్దిమందికి మాత్రమే వదులుతాం. పాతది వాడేవాళ్లనీ కొత్తది వాడేవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తాం. పని పూర్తి చేసినవాళ్లు తగ్గారా? ఎంతసేపు పట్టింది? మధ్యలో వదిలేసినవాళ్లెందరు? మొదటివారం తగ్గుతుంది, అది మామూలే. తరవాత మళ్లీ పైకి లేస్తే జనానికి అలవాటైంది అనుకుని అందరికీ వదిలేస్తాం.

నాగావళి గట్టు | 27 ఆగస్టు, సాయంత్రం 4:05

అలవాటైందని మీకెలా తెలుసు? పాతది పెట్టకముందు అమ్మకి ఫోన్ మోగితే మా గుంటడు పరుగెత్తుకొచ్చి జరిపి ఇచ్చేవాడు. మీ లెక్కలో అమ్మ కాల్ ఎత్తేసినట్టే కదా?

గుణుపూర్ పాసింజర్ | 27 ఆగస్టు, సాయంత్రం 4:30

అదీ! నా యాభై రూపాయలు కూడా ఏ లెక్కలోనూ ఉండవు. షాపు కుర్రాడు నొక్కింది నేను నొక్కినట్టే పడుతుంది.

ప్రాణహిత | 27 ఆగస్టు, రాత్రి 8:00

మీదేముంది, కాల్ ఎత్తి ఇస్తే అయిపాయె. మా నాయన ఏం జేసిండో తెలుసా? యాప్ మారినంక సమజ్ గాక, పక్కింటి పిలగానికి ఫోన్ ఇచ్చి పైసలు పంపిస్తున్నడు. పిన్ కూడా ఆనికే చెప్పిండు. పిలగాడు మంచోడు, ఏం కాలే. కానీ ఆని దోస్తులు ఎట్లోళ్లో నాకేం ఎర్క? మొన్న నాకు తెలిసినంక పిన్ మార్పిచ్చిన. నాయనకు కోపం. "నాకు ఎవలు కొట్టిస్తరు ఇగ?" అంటడు.

గా కంపెనీ సార్ లెక్కల మా నాయన యాప్ మస్తు వాడుతున్నడు. రోజుకు పది సార్లు.

కోరాపుట్ కాఫీ | 27 ఆగస్టు, రాత్రి 11:15

దీనికి నా దగ్గర జవాబు లేదు. వేలు ఎవరిదో మేము చూడం, పని అయిందా లేదా అనే చూస్తాం. మా మీటింగుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగగా నేను వినలేదు. వచ్చేవారం అడుగుతాను, ఏమవుతుందో చూద్దాం. పెద్ద ఆశ పెట్టుకోకండి. కొత్తది వదిలినవాళ్లకి ప్రమోషన్ వస్తుంది గానీ, ఉన్నదాన్ని కదపకుండా ఉంచినందుకు ఎవరికీ రాదు.

అన్నా, నాయనగారికి ఇంకో దారి ఉంది. డయలర్లో *99# కొట్టండి. నెట్ అక్కర్లేదు, బొత్తాల ఫోన్లోనూ పనిచేస్తుంది. 1 అంటే డబ్బు పంపడం, 3 అంటే బ్యాలెన్స్. ఒకసారికి 5,000 రూపాయల దాకా పంపొచ్చు. బ్యాంకులో ఇచ్చిన నంబరే సిమ్‌లో ఉండాలి. బొమ్మలుండవు, లోన్లుండవు, అంకెలు గుర్తుంటే చాలు.

ప్రాణహిత | 28 ఆగస్టు, పొద్దున 7:40

అంకెలైతే నాయనకు మస్తు యాదుంటయి. అరవై నాటి బాకీలు కూడా చెప్తడు. ఇయ్యాల చూపిస్త.

డీటీపీ బాబాయ్ | 29 ఆగస్టు, రాత్రి 9:50

ఫ్లెక్సీ కట్టారు, ఒత్తులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రింటరు మీట కూడా ఆఫ్ చేశాను కాఫీ, ఇప్పుడు చెప్పిన మాట వింటోంది.

ఇప్పుడు నా అసలు బెంగ. కొత్త కంప్యూటరు అంటున్నానే గానీ అదీ విండోస్ 10. అక్టోబరు 14తో దానికి అప్‌డేట్లు ఆగిపోతాయని తెర మీద నోటీసు వస్తోంది. 11 వెయ్యబోతే నీ మిషను పనికిరాదు పొమ్మంది, టీపీఎం అనే చిప్ ఏదో లేదట. బాగానే నడుస్తున్నదాన్ని పారేసి ఇంకోటి కొనాలా?

కోరాపుట్ కాఫీ | 29 ఆగస్టు, రాత్రి 10:30

ఇప్పుడే కొనకండి బాబాయ్. అక్టోబరు తరవాత కూడా ఒక ఏడాది భద్రతా అప్‌డేట్లు తీసుకునే పథకం పెట్టారు, 2026 అక్టోబరు దాకా. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో నమోదుకి లింకు వస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి ఉండాలి. విశేషమేంటంటే, అందులో వచ్చేవి భద్రతవి మాత్రమే. కొత్త రూపాలు, కొత్త బొత్తాలు రావు.

గుణుపూర్ పాసింజర్ | 29 ఆగస్టు, రాత్రి 10:45

అంటే మనం ఇన్నాళ్లూ అడుగుతున్నది, చచ్చిపోయే వెర్షన్‌కి మాత్రం ఇస్తారన్నమాట!

డీటీపీ బాబాయ్ | 30 ఆగస్టు, పొద్దున 8:15

సరే, ఏడాది గడుస్తుంది. ముసలిదాని సంగతే భయం. దాని మదర్‌బోర్డు పోతే నా పని సరి. ఆకృతి లాక్, అంటే అది లేకపోతే ఆకృతి తెరుచుకోని చిన్న ముక్క, వెనకాల ఇరవై అయిదు బెజ్జాల పాత ప్రింటరు పోర్టుకి గుచ్చేది. ఆ పోర్టు ఇప్పటి కంప్యూటర్లకి ఉండదు. ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఆ పోర్టున్న పాత కంప్యూటరు పడుంటే చెప్పండి, కొనుక్కుంటాను. రాయగడ నుంచి బరంపురం దాకా ఎక్కడున్నా నేనే వచ్చి తెచ్చుకుంటాను.

నాగావళి గట్టు | 30 ఆగస్టు, పొద్దున 9:00

మా కొట్లో ఒకటుంది బాబాయ్. బిల్లులకని కొన్నాం, జీఎస్టీ వచ్చినప్పట్నుంచి వాడట్లేదు. వెనక పొడుగాటి పోర్టు ఉంది, బెజ్జాలు లెక్కపెట్టి చెప్తాను. మానిటరు పోయింది, లోపల ఎలకలు దూరాయేమో కూడా చూడాలి.

డీటీపీ బాబాయ్ | 30 ఆగస్టు, పొద్దున 9:10

మానిటరు నా దగ్గరుంది. ఎలకలుంటే తోలేసి ఉంచు. ఎంతకిస్తావు?

నాగావళి గట్టు | 30 ఆగస్టు, పొద్దున 9:25

డబ్బులొద్దు. మాఘంలో మా చెల్లి పెళ్లి. కార్డులు కొట్టిపెట్టండి, రెండు భాషల్లోనూ.